మా బావ అతికించిన పట్టీ

మా బావ పోయిన కబురు నాకు డ్రైవరన్న ఫోన్ చేసి చెప్పాడు. కర్నూలులో నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రిలో అప్పుడే డ్యూటీ మారుతున్నాం. తర్వాత వచ్చే అమ్మాయికి పేషెంట్ల సంగతులు చెప్తూ ఫోన్ ఎత్తాను.

"పాపా, మేస్త్రీ పోయినాడు," అన్నాడు.

"ఏమైంది అన్నా?"

"ఏం కాలేదు. పని అయిపాయ, చేతులు కడుక్కున్నాడు. టీ తెమ్మని అక్కతో చెప్పి మంచం మీద కూచున్నాడు. అక్క గ్లాసు తెచ్చేలోపల పక్కకు ఒరిగినాడు. డాక్టరును పిల్చుకొచ్చినాం. అయిపోయిందన్నాడు."

మళ్ళీ తనే అన్నాడు. "అక్క కాడ మనుషులుండారు. నువ్వు నిదానంగా రా. బస్సులో నిలబడి రావద్దు, సీటు దొరికితేనే ఎక్కు."

డోన్‌లో కర్నూలు నుంచి గుత్తికి పోయే పాత రోడ్డు పక్కన మా బావకు లారీ కమాన్లు కట్టే షాపు ఉండేది. డ్రైవరన్న అందులో పనిచేస్తాడు. పేరుకే డ్రైవరు, బండి నడిపి శానా ఏళ్ళయింది. ఎడమ కాలు మోకాలి కింద లేదు. ఆ కాలు పోవడానికి కారణం మా బావ. ఇందులో నేను కొత్తగా బయటపెడుతున్నది ఏమీ లేదు. డోన్‌లో లారీలు తోలే వాళ్ళందరికీ తెలుసు, బావే చెప్పాడు గనక. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మా బావ మంచి ఆ చెడు తర్వాతే నాకు తెలిసింది, అందుకని రెండూ చెప్తాను.

నేను చదువు అయిపోయి డోన్‌లోనే ఒక చిన్న ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరినప్పుడు అక్కావాళ్ళింట్లో ఉండేదాన్ని. ముందు షాపు, వెనక ఇల్లు. ఇంట్లోకి పోవాలంటే జాకీల మీద లేపి పెట్టిన లారీల పక్కనుంచే పోవాలి. తెల్ల చీర కట్టుకుని డ్యూటీకి బయలుదేరితే బావ లోపలినుంచి కేకేసేవాడు. "పాపా, కుడి పక్క రా. ఎడమ పక్క గ్రీజు ఉండాది!" ఆయన లారీ కిందే ఉంటాడు, కనపడేవి కాళ్ళు మాత్రమే. నా చెప్పుల్ని చూసి పోల్చుకునేవాడు.

లారీ బరువు నేరుగా చక్రాల ఇరుసు మీద పడకుండా మధ్యలో మోసేది కమాను కట్ట. విల్లులా వంచిన ఉక్కు పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి బిగిస్తారు. అన్నిటికంటే పొడుగుది, పైన ఉండేది మెయిన్ పట్టీ. దాని రెండు కొసలూ గుండ్రంగా చుట్టి ఉంటాయి. ఆ కన్నాల్లో బుష్షులు అనే చిన్న గొట్టాలు, బుష్షుల్లో పిన్నులు, ఆ పిన్నులతోనే కట్ట లారీ అడుగున వేలాడుతుంది. బేతంచెర్ల నాపరాళ్ళు, సిమెంటు మోసే లారీలు మా గుంతల రోడ్ల మీద తిరిగితే ఇవన్నీ అరుగుతాయి. బుష్షు అరిగితే పిన్ను ఊగుతుంది, పిన్ను ఊగితే పట్టీ మీద దెబ్బ పడుతుంది. ఇదంతా నాకు చెప్పింది బావే, అన్నం తింటూ, పళ్ళెం అంచున కరివేపాకు రెబ్బలు పేర్చి.

ఒక సెలవు రోజున వాకిట్లో కూచుని మొత్తం పని చూశాను. ఖాళీ లారీ. చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టాడు. జాకీతో ఛాసిస్‌ను లేపి, కింద ఇనుప స్టాండ్లు నిలబెట్టి, జాకీని నమ్మకుండా బరువు స్టాండ్ల మీదికి దించాడు. తుప్పు పట్టిన బోల్టులను గ్యాసు మంటతో కాల్చి, స్పానరుకు పొడుగు పైపు తొడిగి తిప్పాడు. పిన్నులను సుత్తితో కొట్టి బయటికి తీశాడు. కట్ట విప్పి పట్టీలను ఒక్కొక్కటిగా కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరాక సుద్దముక్క రుద్దాడు. కంటికి కనపడని పగులు ఉంటే అందులో దిగిన కిరసనాయిలు మళ్ళీ పైకి ఊరి సుద్ద మీద సన్నటి గీతగా కనపడుతుంది. అట్లాంటి పట్టీ దొరికితే పక్కకు విసిరేసేవాడు. కొత్త బుష్షులు, కొత్త పిన్నులు వేసి, పట్టీల మధ్య గ్రీజు పూసి కట్టను మళ్ళీ కట్టేవాడు. బోల్టులు ఒకటి ఈ మూల, ఒకటి ఆ మూల బిగించేవాడు. చివరి బిగింపు మాత్రం లారీని కిందికి దించి, బరువు చక్రాల మీద పడ్డాకే.

పోయేముందు డ్రైవరుతో అనేవాడు. "మొదటి లోడు దించినాక మళ్ళీ రా అప్పా. బరువు మోసినాకనే బోల్టు నిజం చెప్తాది."

చేతులు రంపపు పొట్టుతో రుద్ది, సబ్బుతో కడిగి, మళ్ళీ రుద్దేవాడు. అయినా గోళ్ళ సందుల్లో నలుపు పోయేది కాదు. ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర పాస్టరు అయ్యగారు ఇచ్చే రొట్టె అందుకునేటప్పుడు అరచేతులు పైకి తిప్పి, గోళ్ళు కనపడకుండా వేళ్ళు లోపలికి మడిచేవాడు. అక్క నవ్వేది. "దేవునికి తెలీదా నువ్వేం పని చేస్తాండావో?"

"దేవునికి తెలుసు. అయ్యగారికి కొత్త," అనేవాడు. అప్పుడే కొత్త పాస్టరు గారు వచ్చారు మరి.

నా పని గురించి కూడా అడిగేవాడు. "మోకాలి చిప్పలో బుష్షు ఉంటాదా పాపా?" ఉంటుంది బావా, మెత్తటి ఎముక అన్నాను. "గ్రీజు?" అదీ ఉంటుందన్నాను. కాసేపు ఆలోచించి, "మార్చేదానికి వస్తాదా?" అన్నాడు. పెద్ద ఆసుపత్రుల్లో మారుస్తారని చెప్తే చాలా సంతోషించాడు, అదేదో తన వృత్తికి దక్కిన గౌరవం అయినట్టు.

నేను డోన్ వచ్చిన మరుసటి ఏడు ఉగాది పండగనాడు ఒక లారీ వచ్చింది. ముందు ఎడమ వైపు కమానులో మెయిన్ పట్టీ కొస దగ్గర విరిగింది. బేతంచెర్లలో రాళ్ళెత్తుకుని కడపకు పోవాలి, అక్కడ ఇల్లు కట్టే మేస్త్రీలు ఎదురుచూస్తున్నారు. పండగ కాబట్టి కర్నూలులో పార్టుల షాపులు మూసి ఉన్నాయి. బావ దగ్గర ఆ కొలత పట్టీ లేదు. లారీ ఓనరు బండి వెంటే వచ్చాడు, చాలా ఏళ్ళ నుంచి బావకు పని ఇస్తున్న మనిషి.

"వెల్డింగ్ పెట్టి పంపప్పా. వచ్చినాక కొత్తది వేస్తువులే," అన్నాడు ఓనరు.

"మెయిన్ పట్టీకి వెల్డింగ్ నిలబడదు."

"కడపకు పోయొచ్చేదానికి నిలబడదా? ఇన్నేండ్లు నా బండ్లన్నీ యాడికి తోలినా? ఈడికే గదా."

బావ వెల్డింగ్ పెట్టాడు. అది నేను చూశాను. అతికించిన చోట కింద ఇంకో ముక్క ఆనించి క్లాంపు బిగించాడు. ఓనరుతో, "లోడు దించి నేరుగా ఈడికి రావాల. నిదానంగా పోవాల," అన్నాడు. ఓనరు తల ఊపాడు. డ్రైవరు అప్పుడు రోడ్డుకు అవతల హోటల్లో టిఫిను తింటున్నాడు. పని అయిందని పిలిస్తే వచ్చి ఎక్కి స్టార్ట్ చేశాడు. బావ చెయ్యెత్తాడు, అతనూ చెయ్యెత్తి వెళ్ళిపోయాడు.

లోడుతో పోతూ జమ్మలమడుగు దాటాక ఒక మలుపులో ఆ పట్టీ తెగింది. ముందు ఇరుసు ఎడమవైపు వెనక్కి జరిగింది. స్టీరింగు చేతిలో ఆగలేదు. లారీ రోడ్డు దిగి గుంతలో పడింది. వెనక ఉన్న నాపరాళ్ళు ముందుకు జారి కేబిన్‌ను చీల్చుకుని వచ్చాయి. ఆ రోజు క్లీనరు రాలేదు, అంతవరకు నయం. డ్రైవరు కాలు రాళ్ళ కింద నలిగింది. కడప ఆసుపత్రిలో మోకాలి కింద తీసేశారు.

డోన్‌కు వచ్చిన కబురు వేరు. డ్రైవరు నిద్రపోయాడట. ఓనరు చెప్పాడు, అందరూ నమ్మారు. బావ ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున్నే తెల్ల చొక్కా వేసుకున్నాడు. అక్క నాతో, "నువ్వూ తోడు పో పాపా. ఆసుపత్రి సంగతులు నీకైతే తెలుస్తాయి," అంది.

ముందు జమ్మలమడుగు పోలీసు స్టేషనుకు పోయాం, లారీని అక్కడికి లాక్కొచ్చి పెట్టారు. బావ ఎవరినీ అడక్కుండా ఆ తెల్ల చొక్కాతోనే లారీ కిందికి దూరాడు. చాలాసేపటికి బయటికి వచ్చి టైరుకు ఆనుకుని కూచున్నాడు.

"నా వెల్డింగ్ కాడే తెగింది పాపా," అన్నాడు.

ఓనరు అక్కడే ఉన్నాడు. దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "నిద్రపోయినాడని రాయించినా. అట్లనే పోనీ. వాని బాగోగులు నేను చూసుకుంటా. నువ్వు నోరు తెరిస్తే నీకూ కష్టం, నాకూ కష్టం."

"వాడు నిద్రపోలేదు గదా," అన్నాడు బావ.

"ఇంగ నీ షాపుకు ఒక్క బండి రాదు, చూసుకో."

బావ లేచి చొక్కా దులుపుకుని స్టేషను మెట్లెక్కాడు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. పట్టీ విరిగి వచ్చిందని, అతికించకూడదని తనకు తెలుసని, తెలిసీ అతికించానని ఎస్సై గారికి చెప్పాడు. రాసుకునే కానిస్టేబుల్‌కు మెయిన్ పట్టీ అంటే అర్థం కాలేదు. బావ అతన్ని బయటికి పిల్చుకొచ్చి, వంగి, తెగిన చోటు వేలితో చూపించాడు. వేరే ఎవరిదో తప్పు చూపిస్తున్నట్టుగా చూపించాడు, తనది కానట్టుగా, గొంతులో ఏ మార్పూ లేకుండా.

అక్కడినుంచి కడపకు పోయాం. డ్రైవరు మెలకువగానే ఉన్నాడు. పక్కన వాళ్ళమ్మ కూచుని ఉంది. గండికోట అవతల ఒక పల్లె వాళ్ళది. నేను కట్టు చూశాను, శుభ్రంగానే ఉంది. బావ మంచం కొసన నిలబడి స్టేషనులో చెప్పిందే మళ్ళీ చెప్పాడు.

డ్రైవరు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. వాళ్ళమ్మ బావను చూస్తూ అడిగింది. "ఇప్పుడు చెప్తే కాలు వస్తాదా నాయనా?"

"రాదమ్మా. నీ కొడుకు నిద్రపోయినాడని ఊరంతా అంటాండారు. పోలేదని నీకు తెలియాల."

ఆమె కొంగుతో మూతి మూసుకుంది. గోడవైపు నుంచే డ్రైవరు అన్నాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"ఓనరుకు చెప్పినా."

"బండి తోలింది నేను."

అక్కడినుంచి తిరుగు బస్సెక్కాం. కోవెలకుంట్లలో బస్సు ఆగితే నాకు మజ్జిగ కొనిచ్చి, తను తాగకుండా కూచున్నాడు.

ఓనరు అన్నంతా అయింది. బండ్లు రావడం ఆగిపోయింది. బావ మీద కేసు పడింది. వాయిదాలకు తిరిగాడు, చివరికి జరిమానాతో పోయింది. అక్క కుట్టుమిషను బయటికి తీసింది. ఒకరోజు జాకెట్టు గుడ్డ కత్తిరిస్తూ కోపం పట్టలేక అరిచింది. "నీ నిజాన్ని వండుకొని తినమంటావా మమ్మల్ని?" బావ షాపులోకి పోయి, పనిలేని సుత్తులను వరుసగా పేర్చుకుంటూ కూచున్నాడు. పత్తికొండ వైపు రైతులు టమోటాలు తోలే చిన్న బండ్లు, ట్రాక్టరు ట్రాలీలు వస్తే చేసేవాడు. నెలకోసారి కడపకో, ఆ పల్లెకో పోయేవాడు. డ్రైవరు బయటికి వచ్చేవాడు కాదు. వాళ్ళమ్మ మాత్రం నీళ్ళిచ్చేది. బావ నీళ్ళు తాగి తిరిగి వచ్చేవాడు.

మరుసటి ఎండాకాలం ఒక మధ్యాహ్నం షాపు ముందు ఆటో ఆగింది. డ్రైవరు దిగాడు. కొత్తగా పెట్టించుకున్న కాలు, చంకలో కర్ర. ఎదురుగా చింత మొద్దు ఉంటే దాని మీద కూచున్నాడు. బావ ట్రాలీ కిందినుంచి బయటికి వచ్చి నిలబడిపోయాడు. నేను ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను.

"ఏమప్పా, ఎండలో కూచున్నావు," అన్నాడు బావ.

"నువ్వు పని ఎట్ల చేస్తాండావో చూసేదానికి వచ్చినా. చెయ్యి."

బావ మళ్ళీ కిందికి దూరాడు. ఇతను సాయంత్రం దాకా కళ్ళు తిప్పకుండా చూశాడు. అక్క సంగటి, పప్పు తెచ్చి పెడితే తిన్నాడు. లేచేటప్పుడు ట్రాలీ దగ్గరికి కుంటుకుంటూ పోయి, ఒక బోల్టు మీద చెయ్యి వేసి, "ఇది ఇంగొంచెం తిరుగుతాది," అన్నాడు. బావ స్పానరు పెట్టి చూశాడు. తిరిగింది.

"రేపు కూడా వస్తావా?" అని అడిగాడు బావ.

"యాడికి పోవాల ఇంగ?" అన్నాడు.

అట్లా వచ్చినవాడు ఉండిపోయాడు. బావ చేసిన ప్రతి పనినీ చక్రాలు ఎక్కించే ముందు డ్రైవరన్న చూసేవాడు. బాగాలేదంటే బావ మారు మాట లేకుండా విప్పేవాడు. ఈ సంగతి లారీలు తోలేవాళ్ళ మధ్య పాకింది. తన తప్పును స్టేషనుకు పోయి చెప్పుకున్న మేస్త్రీ, ఆ తప్పుకు కాలు పోగొట్టుకున్న డ్రైవరు ఒకే షాపులో ఉన్నారంటే ముందు వింత చూడ్డానికి వచ్చారు. తర్వాత బండ్లతో వచ్చారు. ఓనర్లు వద్దన్నా డ్రైవర్లు మొండికేసి అక్కడికే తెచ్చేవాళ్ళు.

బావ పనిలో మారింది ఒక్కటే. పని మొదలుపెట్టే ముందు ఆ బండి తోలే డ్రైవరు ఎక్కడున్నా పిలిపించి పక్కన కూచోబెట్టేవాడు. అరిగిన బుష్షు తీసి అతని చేతిలో పెట్టేవాడు. "ఇది నీ బండిలోది. వేలు పెట్టి చూడు, యాడ తరిగిందో. ఇప్పుడు కొత్తది వేస్తాండా. ఈ పక్క పట్టీ మాత్రం పాతదే ఉండాది, అది నీకు తెలిసుండాల." ఓనరు ఫోన్‌లో తొందరపెడితే, "మీకు తర్వాత చెప్తా సార్. తోలేటోనికి చెప్తాండా," అని పెట్టేసేవాడు. మెయిన్ పట్టీకి మళ్ళీ వెల్డింగ్ పెట్టలేదు. ఒకసారి మంత్రిగారి మనుషుల బండి అని ఎవరో వచ్చి అరిచినా పెట్టలేదు. కొత్తది వచ్చేదాకా ఆ బండి షాపు ముందే స్టాండ్ల మీద ఉంది.

ఆసుపత్రిలో మేమూ ఆ ఉగాదినాడు బావ చేసినట్టే చేస్తుంటాం. మంచం మీద మనిషి పడుకుని ఉంటే, రిపోర్టులో ఏముందో పక్కన నిలబడ్డ కొడుక్కో అల్లుడికో చెప్తాం. పడుకున్న మనిషి మా మొహాలు చూస్తుంటాడు. కడప ఆసుపత్రిలో "బండి తోలింది నేను" అన్న మాట విన్నాక నాకు అట్లా చెప్పడం చేతకాలేదు. కుర్చీ లాక్కుని పేషెంటు పక్కన కూచుని, "అయ్యా, మీ గుండెలో ఇట్లా ఉంది," అని మొదలుపెడతాను. ఇంటివాళ్ళు కొందరు విసుక్కుంటారు. నాతో పనిచేసే అమ్మాయిలకు కూడా ఇదే నేర్పించాను. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే కమాను షాపులో అంటాను, నవ్వుతారు.

కొన్నేళ్ళ కిందట డ్రైవరన్నను నేనే అడిగాను, బావ మీద కోపం పోయిందా అని. కాలు విప్పి పక్కన పెట్టుకుని, మోడుకు పౌడరు రాసుకుంటున్నాడు.

"మేస్త్రీ ఎన్నడూ అడగలా, నేను చెప్పలా," అన్నాడు. పౌడరు డబ్బాకు మూత పెట్టి, "పొద్దున లేస్తే ఈ కాలు తగిలించుకోవాల గదా పాపా. అప్పుడు రోజూ వస్తాది. మళ్ళా షాపుకు వచ్చి మేస్త్రీని చూస్తే పోతాది. రోజూ వచ్చి పోయేదాన్ని ఏమంటారో నాకు తెలీదు," అన్నాడు.

నేను డోన్ చేరేసరికి సాయంత్రమైంది. షాపులో ఒక లారీ స్టాండ్ల మీద ఉంది, సగం పనిలో. దాని డ్రైవరు తన బండి సంగతి అడగకుండా, వచ్చినవాళ్ళకు కుర్చీలు వేస్తున్నాడు. అక్క నన్ను చూసి ఏడవలేదు. "టీ అట్లనే ఉండాది పాపా, ఎవరూ గ్లాసు తీయల్యా," అంది. నేను తీసి కడిగి పెట్టాను. బావ చేతులు చూశాను. కడుక్కునే పోయాడు. గోళ్ళ సందుల్లో మాత్రం ఎప్పటి నలుపే ఉంది. ఎవరో నిమ్మకాయ తెచ్చి రుద్దబోతే అక్క వద్దంది.

మరునాడు చర్చిలో ప్రార్థన అయ్యాక సమాధుల తోటకు రోడ్డు వెంట నడిచాం. పెట్టె మోసినవాళ్ళలో ఎక్కువమంది లారీ డ్రైవర్లు, మెకానిక్కులు. డ్రైవరన్న మోస్తానన్నాడు. నడక తేడా వల్ల పెట్టె ఒరుగుతుందని ఎవరూ అనలేదు. అతని వైపు ఉన్నవాళ్ళు అతని అడుగుకు సరిగ్గా అడుగు కలుపుకున్నారు. పాటలు పాడేవాళ్ళు కూడా ఆ నడకకు తగ్గట్టు నిదానించారు.

ఎదురుగా ఒక లోడు లారీ వస్తోంది. మా గుంపును చూసి డ్రైవరు వేగం తగ్గించి పక్కకు తీశాడు. ఎవరో తెలియని మనిషి, వేరే రాష్ట్రం బండి. మమ్మల్ని దాటేటప్పుడు వెనక ఎక్కడో కిర్రు, కిర్రు అని ఎండిపోయిన మోత వినిపించింది. పెట్టె మోస్తున్నవాళ్ళ తలలన్నీ ఒక్కసారిగా ఆ చక్రాల వైపు తిరిగాయి. వెనక నడుస్తున్న మెకానిక్కులవీ తిరిగాయి. అక్క కూడా చూసింది.

డ్రైవరన్న భుజం మీద పెట్టె దించకుండానే గొంతెత్తాడు. "అప్పా! ఓ డ్రైవరప్పా! వెనక కుడి పక్క బుష్షులు పోయినాయి. యాడన్నా నిలిపి చూపించుకో!"

ఆ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి విన్నాడు. అర్థమైందో లేదో గానీ చెయ్యి నుదుటికి తాకించుకుని, బండిని మెల్లగా ముందుకు పోనిచ్చాడు. పాట ఆగిపోయి ఉంది. అందరం అక్కడే నిలబడ్డాం. లారీ గుత్తి వైపు మలుపు తిరిగి కనపడకుండా పోయాక కూడా ఆ మోత కొంతసేపు వినిపిస్తూనే ఉంది.